కలియుగ భీముడు కోడి రామ్మూర్తినాయుడు

శ్రీకాకుళం, విజయనగరం సీమలలో దేహదారుఢ్యం గల యువకుడు ఎవరైనా కంటబడితే అతనిని కోడి రామ్మూర్తితో పోల్చి మెచ్చుకోవడం పెద్దలకు పరిపాటి. ధాన్యపు బస్తాను అవలీలగా వీపుకెత్తుకున్న కళాసీని చూసినా, బురదలో దిగబడిన బండిచక్రానికి భుజమిచ్చి లేపిన రైతుబిడ్డను చూసినా వారి నోట ఆ పేరే వెలువడుతుంది. ఒక మనిషి పేరు ఒక గుణానికి కొలమానమై ప్రజల నాలుకలపై నిలిచిపోవడం సామాన్యమైన అదృష్టం కాదు. కాని ఆ అదృష్టం వెనుక ఒక నష్టం కూడా పొంచి ఉంటుంది. పేరు పెరిగినకొద్దీ మనిషి మరుగుపడతాడు. గుండెలపై ఏనుగును నిలిపినవాడని, ఉక్కు గొలుసులను తెంచినవాడని, కదిలే కార్లను ఆపినవాడని మనం రామ్మూర్తినాయుడుగారిని గురించి కథలు కథలుగా చెప్పుకుంటాం. ఆ బలం ఆయనకు ఎక్కడి నుండి వచ్చింది, దానితో ఆయన ఎలా జీవించారు, ఆ బలం సడలిననాడు ఆయన గతి ఏమయింది అనే ప్రశ్నలు మాత్రం సాధారణంగా మనకు తోచవు.

ఆ ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈ వ్యాసంలో మా ప్రయత్నం. రామ్మూర్తినాయుడుగారు దైవాంశ సంభూతుడని నమ్మేవారికి ఈ ప్రయత్నం కొంత నిరుత్సాహం కలిగించవచ్చు. అయితే దేవుడిని చూసి మనం నమస్కరించగలమే తప్ప అనుకరించలేము. మనిషిని అనుకరించగలం. అందుచేత ఆయనను తిరిగి మనుషుల మధ్యకు తెచ్చి నిలబెట్టడమే ఆయనకు మనం చేయగల సముచితమైన గౌరవమని మేము భావిస్తున్నాము.

ఆయన జన్మస్థలం వీరఘట్టం. 1880వ దశకపు తొలి సంవత్సరాలలో ఆయన జన్మించారు. ఆనాటికి శ్రీకాకుళం జిల్లా అనేది లేదు. అది 1950లో ఏర్పడింది. విజయనగరం జిల్లా 1979లో వచ్చింది. 2022లో జరిగిన పునర్విభజనలో వీరఘట్టం పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. జిల్లాల సరిహద్దులు ఎన్నిసార్లు మారినా ఆయన మావాడే అనే అభిమానం మాత్రం ఈ ప్రాంతమంతటా ఒక్క తీరుగానే ఉన్నది.

తండ్రి కోడి వెంకన్ననాయుడుగారు. తల్లి బాల్యంలోనే గతించడంతో రామ్మూర్తి తండ్రి సంరక్షణలో పెరిగారు. వీరఘట్టం సమీపంలోని రాజచెరువు ఒడ్డున ఆ బాలుడు తెల్లవారుజామునే వ్యాయామం చేసేవాడని ఆ ఊరివారు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. చదువుకంటె సాముపై మక్కువ మిక్కుటంగా ఉన్న కుమారుని దారికి తెచ్చే ఉద్దేశంతో వెంకన్ననాయుడుగారు ఆయనను విజయనగరంలో పోలీసు ఉద్యోగంలో ఉన్న తన సోదరుడు నారాయణస్వామిగారి ఇంటికి పంపారు. తండ్రి ఆశించినది పుస్తక విద్య. కుమారునికి ఆ పట్టణంలో లభించినది మరొక విద్య.

నాటి విజయనగరం సామాన్యమైన పట్టణం కాదు. 1857లో పాఠశాలగా ప్రారంభమై 1879లో కళాశాలగా ఎదిగిన మహారాజా విద్యాసంస్థ అక్కడ ఉన్నది. గురజాడ అప్పారావుగారు, ఆదిభట్ల నారాయణదాసుగారు సంచరించిన వీధులవి. విద్వాంసులకు, గాయకులకు, కవులకు ఆశ్రయమిచ్చిన ఆ సంస్థానపు పట్టణంలో మల్లులకు కూడా ఆదరణ ఉండేది. రామ్మూర్తి అక్కడి వ్యాయామశాలలో చేరి కుస్తీ నేర్చి, పోటీలలో పాల్గొన్నారు.

ఈ సందర్భంలో మన ద్విభాషా సంచిక పాఠకులకు ఒక్క విషయం మనవి చేయాలి. మన పల్లెలలో వ్యాయామశాలకు రెండు పేర్లున్నాయి. ఒకటి సాము గరిడి. రెండవది తాలింఖానా. మొదటిది తెలుగు మాట. రెండవది ఉర్దూ ద్వారా మనకు వచ్చినది. తాలీం అంటే విద్య, బోధన. ఆ లెక్కన తాలింఖానా అంటే అక్షరాలా పాఠశాలయే. కుస్తీ, కసరత్తు, పహిల్వాను, ఉస్తాదు అనే మాటలు కూడా ఆ తోవలోనే వచ్చి తెలుగులో స్థిరపడ్డాయి. పీర్ల పండుగ ఊరేగింపులో కర్రసాము చేసేవారిలోను, దసరా ఊరేగింపులో కత్తి తిప్పేవారిలోను ఉభయ మతాలవారూ కనిపించడం మన సీమలో వింత కాదు. గోదాలో మట్టికి మతం లేదు. అన్నిటికంటె గమనించదగినది, దేహబలాన్ని మన పూర్వులు పుట్టుకతో వచ్చే వరంగా కాక గురువువద్ద నేర్చే చదువుగా భావించి, ఆ పేరే దానికి పెట్టారు. రామ్మూర్తినాయుడుగారి జీవితానికి ఆ మాటే తాళంచెవి.

ఆయన తన విద్యను గరిడితోనే ముగించలేదు. మద్రాసు వెళ్ళి సైదాపేటలో ఒక సంవత్సరం వ్యాయామోపాధ్యాయ శిక్షణ పొంది, యోగ్యతాపత్రంతో తిరిగివచ్చి, విజయనగరంలో తాను చదివిన పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయులుగా చేరారు. దేశవాళీ దండాలు, బస్కీలు, కుస్తీపట్లకు తోడు పాశ్చాత్య వ్యాయామ పద్ధతిని కూడా అభ్యసించడం వల్ల రెండు మార్గాల మేలూ ఆయనకు లభించింది. వీటన్నిటికీ మించి ఆయన ప్రాణాయామాన్ని ఆశ్రయించారు. ఊపిరిని బంధించి రొమ్మును బిగించి నిలపడమే తన బలానికి మూలమని నమ్మిన సాధకుడాయన. ఆహారంలో శాకాహారి అని ప్రసిద్ధి. ఇరవైఒకటో ఏటనే రొమ్ముపై ఒకటిన్నర టన్నుల బరువును నిలిపారని, సాధన ముదిరిన తర్వాత దానిని మూడు టన్నులకు పెంచారని ఆయన చరిత్రకారులు చెబుతారు. ఒకటిన్నర నుండి మూడుకు చేరడానికి పట్టిన ఆ సంవత్సరాలనే మనం మరచిపోతూ ఉంటాం. కథలో అది ఒక్క వాక్యం. జీవితంలో అది వేలాది ఉదయాలు.

నెలజీతం వచ్చే ఉద్యోగం, పదిమందిలో మర్యాద, సొంత ఊరికి దగ్గరి పట్టణం. ఇవన్నీ ఉండగా వాటిని విడిచి ఆయన సర్కస్ పెట్టారు. మిత్రుల ప్రోత్సాహం, జమీందారుల ఆదరణ అందుకు తోడ్పడ్డాయి. ఆనాటికి భారతీయ సర్కస్ వయస్సు ఎక్కువ కాదు. మహారాష్ట్రుడైన విష్ణుపంత్ ఛత్రే 1880లో బొంబాయిలో ప్రదర్శించినది తొలి భారతీయ సర్కస్ అని చెబుతారు. కేరళలోని తలశ్శేరి దగ్గర కీలేరి కున్హికణ్ణన్ 1901లో సర్కస్ విద్యకు ఒక శిక్షణాలయమే నెలకొల్పారు. మన తీరానికి 1890వ దశకంలో రైలుమార్గం వచ్చింది. 1900 నాటికి గోదావరిపై వంతెన సిద్ధమై మద్రాసు, కలకత్తాల నడుమ తూర్పు తీరపు దారి సుగమమయింది. డేరాలను, జంతువులను, మనుషులను ఒక ఊరినుండి మరొక ఊరికి చేర్చడం రైలు వచ్చాకనే సాధ్యమయింది. విజయనగరం స్టేషను నుండి ఒక వ్యాయామోపాధ్యాయుడు దేశమంతటికీ బయలుదేరడానికి కావలసిన పట్టాలు అప్పుడే పరచబడ్డాయని చెప్పవచ్చు.

ఇకమీద ఆయన బ్రతుకు డేరా బ్రతుకు. మేళా జరిగే చోట, సంత కూడే చోట గుంజలు పాతడం, కొన్నాళ్ళు ఆడడం, జనం పలచబడగానే డేరా విప్పి బండ్లకెత్తడం, మళ్ళీ రైలు, మళ్ళీ కొత్త ఊరు. కొత్త ఊరిలో పాత ఊరి కీర్తి చెల్లదు. నిన్న మద్రాసులో గొలుసు తెంచినందుకు నేడు కాశీలో ఎవరూ టిక్కెట్టు కొనరు. ఈ సాయంకాలం ఈ జనం కళ్ళెదుట తిరిగి తెంచి చూపాలి. ఈ ఒక్క విషయంలో ఆయనకు, మల్లయోధుడైన గామా పహిల్వానుకు భేదం ఉన్నది. గామా 1910లో లండన్ వెళ్ళి, సెప్టెంబరు 10న పోలెండు మల్లుడు జిబిస్కోతో రెండున్నర గంటలకు పైగా తలపడ్డారు. ఆ కుస్తీ తేలకపోగా, మరుసటి వారం జిబిస్కో రానందున విజేతగా ప్రకటితులై ప్రపంచఖ్యాతి గడించారు. 1928లో పటియాలాలో అదే ప్రత్యర్థిని నిమిషంలోపే చిత్తుచేశారు. అట్టి మహామల్లునికి దతియా, పటియాలా సంస్థానాధీశుల పోషణ ఉండేది. ఒక్క గొప్ప విజయం ఏళ్ళ తరబడి అన్నం పెట్టేది. డేరా కట్టుకు తిరిగే రామ్మూర్తినాయుడుగారికి మహారాజపోషకులు టిక్కెట్టు కొన్న ప్రేక్షకులే. వారి నమ్మకాన్ని ఏ పూటకాపూట సంపాదించుకోవలసిందే.

ఆయన ప్రదర్శనలలో ప్రసిద్ధమైనవి మూడు. రొమ్ముకు బిగించిన గొలుసును ఊపిరి నింపి తెంచడం ఒకటి. రెండు చేతులకు రెండు త్రాళ్ళు కట్టుకొని వాటిని లాగే రెండు కార్లను కదలకుండా నిలిపివేయడం మరొకటి. నేలపై పరుండి రొమ్ముపై బల్ల పరపించి దానిపై ఏనుగును నిలుపుకోవడం అన్నిటిలోకి గొప్పది. వీటిని మంత్రబలమని కొందరు, కనికట్టని కొందరు అనుకునేవారు. ఈ రెండూ కావని సైన్సు చదివే మన విద్యార్థులు సులువుగా గ్రహించగలరు.

ఏనుగు విషయమే తీసుకుందాం. మూడు టన్నులంటే 3,000 కిలోలు. అంత బరువూ ఒక చిన్న నాణెమంత చోట, అంటే 5 చదరపు సెంటీమీటర్లపై పడిందనుకోండి. ప్రతి చదరపు సెంటీమీటరు 600 కిలోలు మోయాలి. ఎముక నుగ్గవుతుంది. అదే బరువు బల్ల మూలంగా 1,500 చదరపు సెంటీమీటర్ల రొమ్ముపై సమంగా పరచుకుంటే చదరపు సెంటీమీటరుకు 2 కిలోలే అవుతుంది. బల్ల చివరలు నేలకు ఆనితే కొంత బరువు నేలే పంచుకుంటుంది. నిండా ఊపిరి పీల్చి గొంతు బిగించినప్పుడు రొమ్ము గాలి నింపిన టైరువలె గట్టిపడి ప్రక్కటెముకలకు లోపలినుండి ఊతమిస్తుంది. ప్రాణాయామం ఇక్కడ పనికివచ్చింది. కార్ల సంగతీ అంతే. కారు లాగే బలానికి నేలపై దాని చక్రాల పట్టే హద్దు. ఎదురెదురు దిక్కులకు లాగే రెండు కార్ల బలాలు ఒకదానినొకటి తూచుకుంటాయి. నడుమనున్న మనిషి ఏ ప్రక్కకూ ఈడ్వబడడు. కాని ఆ లాగుడంతా అతని వేళ్ళ పట్టుమీద, మోచేతుల మీద, భుజాల కీళ్ళ మీద పడుతుంది.

కిటుకు తెలిసింది కనుక ఆయనపై మన గౌరవం తగ్గాలా? తగ్గనవసరం లేదు, పెరగాలి. లెక్క తెలిసిన మనలో ఎవరమైనా ఆ బల్లక్రింద పరుండగలమా? ఏనుగు ఒక్క అడుగు ప్రక్కకు వేసినా, ఊపిరి ఒక్క క్షణం ముందు వదిలినా ప్రాణం పోయే పని అది. మంత్రబలమైతే ఆయనకు ప్రమాదమే లేదు. ప్రమాదం లేనిచోట ధైర్యమూ లేదు. ఆయన మనవంటి ఎముకలతో, మనవంటి ఊపిరితిత్తులతో, రోజు తర్వాత రోజు ఆ బల్లక్రిందికి వెళ్ళిన మనిషి. ఆయన ఘనత అంతా అందులోనే ఉన్నదని మా అభిప్రాయం.

దేశం ఆయనను వేనోళ్ళ కీర్తించింది. ఉత్తరాదివారు ప్రొఫెసర్ రామమూర్తి అని పిలిచారు. ఆయన మౌలికంగా ఉపాధ్యాయుడు కనుక ఆ పిలుపు అన్ని బిరుదులకంటె మాకు సముచితంగా తోస్తుంది. పూనాలో లోకమాన్య తిలక్ ఆయనను సత్కరించారని, మల్లమార్తాండ బిరుదు అక్కడ లభించినదేనని చెబుతారు. పండిత మదనమోహన మాలవ్యా ఆయనను ఎంతగానో ఆదరించారు. 1905 నుండి 1910 వరకు వైస్రాయిగా ఉన్న మింటో ప్రభువు తన కారుతోనే ఆయన బలాన్ని పరీక్షించి విస్మితుడయ్యాడని ప్రతీతి. లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి దంపతుల ఎదుట ప్రదర్శనమిచ్చి ఇండియన్ హెర్క్యులిస్ అనిపించుకున్నారని ప్రజలు గర్వంగా చెప్పుకుంటారు. వీరకంఠీరవ, జగదేకవీర వంటి బిరుదులెన్ని ఉన్నా జనసామాన్యం తనకై తాను ఎన్నుకున్నది కలియుగ భీమ బిరుదము. అదే నేటికీ నిలిచింది.

ఈ కీర్తికి కాలం కూడా కలిసివచ్చింది. భారతీయుడు దుర్బలుడని, అందుచేతనే పరపాలనకు తగినవాడని పాలకులు తరచు అనుతూ వచ్చిన రోజులవి. యూరపులో బలాఢ్యునిగా పేరుమోసిన యూజెన్ శాండో 1904, 1905 సంవత్సరాలలో భారతదేశంలో పర్యటించి ప్రదర్శనలిచ్చాడు. 1905లో వంగవిభజనతో స్వదేశీ ఉద్యమం చెలరేగింది. 1902లోనే కలకత్తాలో వెలసిన అనుశీలన సమితి వ్యాయామశాలల ద్వారా యువకులను కూడగట్టింది. విజయనగరంలో గురజాడవారు 1910లో రచించిన దేశభక్తి గీతంలో మంచి ఆహారానికి, దేహపుష్టికి చోటిచ్చారు. అటువంటి సమయంలో ఒక తెలుగువాడు వేలాది ప్రజల ఎదుట గొలుసు తెంచి లేచి నిలబడితే, ఆ తెగిన గొలుసులో వారు చూసినది కేవలం ఇనుమును కాదు. ఆయన ఉపన్యాసమిచ్చి ఉండనక్కరలేదు. ఆ దృశ్యమే చాలు.

ఆయనను చూసి పాఠం నేర్చినవారిలో కలకత్తా యువకుడు భవేంద్రమోహన సాహా ఎన్నదగినవాడు. రామ్మూర్తినాయుడుగారి సర్కస్ కలకత్తా వచ్చినప్పుడు ఆకర్షితుడై, ఇల్లు విడిచి ఆ బృందంలో చేరి, రంగూను, సింగపూరు, జావాల వరకు వెంట వెళ్ళాడు. తర్వాత స్వయంగా ప్రదర్శనలిచ్చి భీమ భవానీ అనే పేరుతో వంగదేశంలో ప్రఖ్యాతుడయ్యాడు. 1922లో చిన్నవయస్సులోనే గతించాడు. ఒక తెలుగు ఉపాధ్యాయుని సాధన ఒక వంగయువకునికి సంక్రమించడానికి భాష అడ్డురాలేదు. గోదాలో మతానికి చోటులేనట్లే డేరాలో భాషకు ఎల్లలు లేవు.

సంపాదించినదానిలో అధికభాగాన్ని రామ్మూర్తినాయుడుగారు దానధర్మాలకు, దేశకార్యాలకు వెచ్చించారని ప్రతీతి. కూడబెట్టుకునే స్వభావం ఆయనది కాదు. ఇంతవరకు చెప్పిన కథ మన విద్యార్థులకు ఎంతో కొంత తెలిసినదే. పెద్దలు మనకు సాధారణంగా చెప్పకుండా దాటవేసేది దీని తరువాతి భాగం.

శరీరమే పెట్టుబడిగా బ్రతికేవాని వృత్తికి ఒక క్రూరమైన లక్షణమున్నది. వడ్రంగికి ఉలి అరిగితే మరొక ఉలి దొరుకుతుంది. పండితునికి వయస్సు వచ్చినకొద్దీ పాండిత్యం పండుతుంది. మల్లునికి మాత్రం అతని పనిముట్టు, అతని దేహము ఒక్కటే. అది ఒక్కమారే దొరుకుతుంది. అది పండే కాలం కొద్దిపాటిది. వాడే కాలమంతా ప్రమాదంతో కూడినది. ఆనాటి సర్కస్ కళాకారునికి పింఛను లేదు. గాయపడితే పోషించే సంస్థ లేదు. చప్పట్లు కొట్టిన చేతులు డేరా దాటి వెంట రావు.

మహాబలశాలి రామ్మూర్తినాయుడుగారికి కాలిపై పుండు లేచింది. అది మానక ముదిరింది. చివరకు శస్త్రచికిత్స చేసి కాలు తొలగించవలసి వచ్చింది. ఆ సమయంలో ఆయన మత్తుమందు వద్దని, ప్రాణాయామంతో ఊపిరి బంధించి ఆ బాధను ఓర్చుకున్నారని చెబుతారు. ఏనుగును మోసిన కథ కంటె ఈ కథ మా మనస్సులను ఎక్కువగా కలచివేస్తుంది. ఏనుగును మోసినప్పుడు చుట్టూ వేలాది జనం, వాద్యాలు, దీపాలు. శస్త్రచికిత్స బల్లపై పరుండినప్పుడు టిక్కెట్టు కొన్నవారెవరూ లేరు. ఏళ్ళ తరబడి ప్రేక్షకులకోసం చేసిన సాధన ఆనాడు తొలిసారిగా తనకోసం అక్కరకు వచ్చింది. రాజచెరువు గట్టున మొదలైన విద్యలో చివరి పరీక్ష అది. ఆ పరీక్షలో కూడా ఆయన ఓడలేదు.

చరమదశలో ఆయన ఒడిశాలోని బలంగీర్‌లో ఆశ్రయం పొంది, 1942 జనవరిలో అక్కడే తుదిశ్వాస విడిచారు. ఊపిరినే ఆయుధంగా చేసుకొని దేశాలు తిరిగిన మనిషి ఊపిరి, పుట్టిన ఊరికి దూరంగా ఆగిపోయింది. తరువాత విశాఖపట్నం సముద్రతీరపు రహదారిలో ఆయన విగ్రహం నిలిచింది. శ్రీకాకుళం పట్టణంలోని క్రీడామైదానానికి ఆయన పేరు పెట్టారు. మన సీమ తన బిడ్డను మరువలేదనడానికి ఇవి సాక్ష్యాలు.

అయితే విగ్రహంకంటె సజీవమైన సాక్ష్యం మరొకటి ఉన్నది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతంలోని ఊసవానిపేట నుండి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 240 కిలోలు ఎత్తి కాంస్యపతకం గెలిచి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళగా చరిత్రకెక్కారు. విజయనగరం జిల్లా కొండవెలగాడ గ్రామం బరువులెత్తే క్రీడాకారులకు పెట్టింది పేరు. ఆ ఊరి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడలలో రజతం పొందారు. రామ్మూర్తినాయుడుగారి కాలంలో గరిడిలోకి ఆడపిల్లలకు ప్రవేశం అరుదు. ఆయన వారసత్వాన్ని ఈనాడు శిఖరానికి చేర్చినవారు ఆడపిల్లలే. బలం వరమైతే అది ఒక్క వంశంలో, ఒక్క జాతిలో ఆగిపోయేది. అది విద్య కనుకనే ఎవరు నేర్చుకుంటే వారిదయింది.

విద్యార్థి మిత్రులారా! మనలో పెక్కురు సామాన్య కుటుంబాలనుండి వచ్చినవారము. తండ్రి రిక్షా లాగగా, తల్లి బీడీలు చుట్టగా చదువుకుంటున్నవారు మన తరగతులలో ఉన్నారు. శరీరశ్రమ అంటే ఏమిటో మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ శ్రమనుండి తప్పించుకోవడానికే చదువుకుంటున్నామని కొందరు మిత్రులు అంటూ ఉంటారు. ఆ కోరికలో తప్పు లేదు. కాని శ్రమనుండి విముక్తి వేరు, శరీరాన్ని ఉపేక్షించడం వేరు. ఆటల పిరియడును నిద్రకు, కబుర్లకు వినియోగించి, పరీక్షల ముందు రాత్రింబవళ్ళు మేల్కొని, మెట్లెక్కితే ఆయాసపడే స్థితికి ఇరవై ఏళ్ళకే చేరుకున్న మనం కోడి రామ్మూర్తి మావాడని చెప్పుకోవడం ఎంతవరకు న్యాయమో ఆలోచించాలి. ఆయన మనలను ఏనుగును మోయమనడం లేదు. తెల్లవారి లేచి చెరువుగట్టుదాకా వెళ్ళమంటున్నారు, అంతే.

మా కళాశాల పాలకసంఘం వారికి కూడా సవినయంగా ఒక విన్నపం. ఏ విద్యాలయమైనా గ్రంథాలయానికి ఇచ్చే గౌరవంలో కొంతైనా క్రీడామైదానానికి ఇస్తే, వ్యాయామోపాధ్యాయుని మిగిలిన ఉపాధ్యాయులతో సమానంగా చూస్తే, మన పూర్వులు తాలింఖానాకు పెట్టిన పేరు సార్థకమవుతుంది. ఆటలలో రాణించిన విద్యార్థికి చప్పట్లతోపాటు ఒక చదువు, ఒక జీవనోపాధి కూడా చూపించడం విద్యాసంస్థల ధర్మం. బలం ఉన్నన్నాళ్ళూ భుజాలకెత్తుకొని, బలం ఉడిగిననాడు మరచిపోయే అలవాటునుండి సమాజం బయటపడాలంటే ఆ మార్పు పాఠశాలలోనే మొదలు కావాలి.

వీరఘట్టం చెరువుగట్టున ఒక తల్లిలేని బాలుడు ఒంటరిగా దండాలు తీసిన ఆ ఉదయాలను ఎవరూ చూడలేదు. వాటికి చప్పట్లు లేవు, బిరుదులు లేవు. చక్రవర్తులు, వైస్రాయిలు చూసిన సాయంకాలాలన్నీ ఆ ఉదయాలకు ఫలాలే. కలియుగ భీముడు మనకు మిగిల్చిన ఆస్తి ఆ ఉదయాలే. వాటిని స్వీకరించే వారసులు మన కళాశాలనుండి కొందరైనా రావాలని మా ఆకాంక్ష.